తిరుపతిలో ఇల్లు కొంటున్నారా? ఏరియా పేరుకి ఎక్కడ డబ్బు పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు

మా అక్కావాళ్ళు పీలేరు నుంచి తిరుపతికి వచ్చేద్దామని అనుకుని ఆరు నెలలైంది. బావ రిటైరయ్యాడు, అక్కకి మోకాళ్ళ నొప్పులు, నెలకోసారి స్విమ్స్‌లో చూపించుకోవాలి. అప్పట్నుంచి ఆదివారం వస్తే చాలు, ముగ్గురం ఇళ్ళు చూడ్డానికి బయల్దేరుతున్నాం. చూసినవన్నీ వడపోస్తే చివరికి మూడు మిగిలాయి. ఒకటి కె.టి. రోడ్డు వైపు పాత అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఫ్లాట్. రెండోది అవిలాల దగ్గర ముప్పై మూడు అంకణాల్లో (మన వైపు అంకణం అంటే నాలుగు గజాలు) కట్టిన ఇండిపెండెంట్ ఇల్లు. మూడోది రేణిగుంట దాటాక ఏర్పేడు వైపు ఒక వెంచర్‌లో ప్లాటు, అక్కడ మనమే కట్టుకోవాలి. కట్టుబడి ఖర్చు కూడా కలుపుకుంటే మూడూ దగ్గరదగ్గర ఒకే బడ్జెట్‌లోకి వస్తున్నాయి, అందుకే తేల్చుకోవడం ఇంత కష్టమైంది.

మూడింటి ధరలోనూ గోడలకీ నేలకీ కాకుండా పేరుకి కడుతున్న డబ్బు కొంత ఉంది. అది ఎంత, దానికి బదులుగా మనకేం వస్తుంది అన్నది తేలితే తప్ప ఈ పోలిక కుదరదు. పేరు ఒట్టి మోసం అని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను. బాలాజీ కాలనీ అని చెబితే అద్దెకొచ్చేవాళ్ళకి దారి చెప్పక్కర్లేదు, ఆటో అతను బేరమాడడు, పిల్లకి సంబంధం చూసేటప్పుడు "ఇల్లెక్కడ?" అని అడిగితే ఒక్క మాటలో పని అయిపోతుంది. అమ్మాలనుకుంటే నెలా రెండు నెలల్లో నలుగురు వచ్చి చూస్తారు. ఇవన్నీ నిజంగా విలువున్నవే. కానీ గమనించండి, వీటిలో ఎక్కువ భాగం అద్దెకిచ్చేవాడికీ, రేపు అమ్ముకునేవాడికీ పనికొచ్చేవి. అందులోనే ఇరవై ఏళ్ళు ఉండబోయేవాడికి వాటితో పెద్ద పని లేదు. నా లెక్కంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

పాత పేరు అడగండి

వెంచర్ల పేర్లు చూడండి, పద్మావతి, శ్రీనివాస, బాలాజీ, గోవింద, వాటికి నగర్ అనో ఎన్‌క్లేవ్ అనో తగిలిస్తారు. స్వామి పేరు పెట్టుకోవడం తప్పని అనను, తిరుపతిలో అది మన అలవాటు, మన భక్తి. కాకపోతే ఆ పేరు వల్ల ఆ నేల గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. పాత పేర్లు అలా కాదు. తుమ్మలగుంట, కొర్లగుంట, రేణిగుంట అన్నారంటే అక్కడెక్కడో గుంట ఉండేదని మన పెద్దవాళ్ళు పేరులోనే రాసిపెట్టారు. కోన అంటే కొండ సందు, పైన పడిన వాన దిగేది అటుగానే. వంక అంటే నీళ్ళు పారే దారి. మిట్ట అంటే ఎత్తు నేల. అందుకే ఏ ప్లాటు చూడ్డానికి వెళ్ళినా నేను మొదట అడిగేది "లేఅవుట్ వేయకముందు దీన్ని ఏమనేవాళ్ళు?" అని. బ్రోకర్‌కి తెలియదు, లేదా చెప్పడు. పక్కన టీ కొట్టు ముసలాయన చెబుతాడు.

ఇది వట్టి మాట కాదని 2021 నవంబరు వానలప్పుడు తిరుపతి అంతా చూసింది. కొండ మీద నుంచి వచ్చిన నీళ్ళు, చెరువుల నుంచి పొర్లిన నీళ్ళు కాలనీల్లోకి వచ్చేశాయి, ఎం.ఆర్.పల్లి వైపు వీధులకి వీధులే మునిగాయి, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయి ఇల్లు ఇల్లే నదిలో పడిపోయిన వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో కింది పల్లెల వాళ్ళు ఇళ్ళు ఖాళీ చేశారు. నీళ్ళొచ్చినప్పుడు కాలనీ గేటు మీద ఏ పేరుందో చూసుకుని రావు కదా. దానికి ముందు నెలలోనే వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జిలో నిలిచిన నీళ్ళలో వాహనం మునిగి ఒక ప్రాణం పోయింది. అంటే ఇల్లు ఎత్తులో ఉంటే సరిపోదు, వానాకాలం రాత్రి ఆసుపత్రికి వెళ్ళే దారి ఎటునుంచో కూడా చూసుకోవాలి.

కాగితంలో ఉండే పేరు వేరు

రిజిస్ట్రేషన్ ఆఫీసులో మీ వెంచర్ పేరుతో ఏ పనీ జరగదు. అక్కడ చూసేది రెవెన్యూ గ్రామం, సర్వే నంబరు, టౌనులో అయితే వార్డు, డోర్ నంబరు. ప్రభుత్వ మార్కెట్ విలువ కూడా వాటిని బట్టే ఉంటుంది. ఎం.ఆర్.పల్లి ఎక్స్‌టెన్షన్ అని బ్రోకర్ చెప్పిన స్థలం దస్తావేజులో అవిలాల గ్రామం, తిరుపతి రూరల్ మండలం అని ఉండొచ్చు. అది తప్పేమీ కాదు, అవిలాలలో ఉండటం నేరమూ కాదు. ఎం.ఆర్.పల్లి రేటు అడుగుతూ అవిలాల కాగితం చేతిలో పెట్టడమే సమస్య. కాబట్టి ధర మాట్లాడే ముందే గ్రామం పేరూ సర్వే నంబరూ తీసుకోండి, రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ ఐజీఆర్ఎస్ వెబ్‌సైట్‌లో ఆ నంబరుకి ప్రభుత్వ విలువ చూడండి, నంబరు నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టు) ఉందేమో చూడండి. ఖర్చు లేదు, పది నిమిషాల పని.

ప్రభుత్వ విలువకీ బయట అడిగే ధరకీ తేడా ఉండటం మామూలే. ఆ తేడా పక్క వీధిలో ఒకలాగా, ఈ వీధిలో దానికి రెండింతలూ ఉంటే మాత్రం ఎందుకని అడగాలి. రోడ్డు వెడల్పా? కార్నరా? మంచినీళ్ళా? ఏదో ఒక జవాబు చెప్పగలగాలి. "సార్, ఏరియా అలాంటిది" అంటే ఆ అదనం పూర్తిగా పేరుకే. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మర్చిపోకండి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద. యాభై లక్షల ఇంటికి మూడు లక్షల డెబ్బై అయిదు వేలు.

ఇక తిరుపతి అన్న పేరు సంగతి. ఇది అన్ని పేర్లకంటే పెద్దది, అందుకే ఎక్కువగా సాగదీసేదీ దీన్నే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చంద్రగిరి, శ్రీకాళహస్తితో పాటు పాత నెల్లూరు జిల్లాలోని వెంకటగిరి, సూళ్ళూరుపేట కూడా ఇందులోకి వచ్చాయి. దాంతో "తిరుపతి జిల్లాలో గేటెడ్ కమ్యూనిటీ" అని రాసినా అబద్ధం కాదు, ఆ స్థలం శ్రీహరికోట షార్ దగ్గరున్నా సరే. పుత్తూరు, వడమాలపేట ఇటొచ్చాయి, నగరి చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లా పేరు మారితే కలెక్టరేట్ మారుతుంది, మీ ఇంటి నుంచి రుయా ఆసుపత్రికి దూరం ఒక్క అడుగు కూడా తగ్గదు.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది, బయటూరి వాళ్ళు దీనికి బాగా దొరికిపోతారు. మన తిరుపతి, చిత్తూరు వైపు అంకణం అంటే ఆరడుగులు ఇంటూ ఆరడుగులు, 36 చదరపు అడుగులు, నాలుగు గజాలు. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. ఒకే జిల్లా పేరు కింద రెండు కొలతలు నడుస్తున్నాయి. అవిలాలలో అంకణం లక్ష అన్నారనుకుందాం, నాయుడుపేటలో కూడా లక్షే అన్నారనుకుందాం, రెండూ ఒకటేనని అనుకుంటే లెక్క తలకిందులవుతుంది, ఎందుకంటే అక్కడ అదే డబ్బుకి రెండింతల నేల వస్తుంది. సెంటుకి మన అంకణాలు పన్నెండు పైచిలుకు, గజాల్లో 48.4. ముప్పై ఇంటూ నలభై ప్లాటు అంటే 1200 చదరపు అడుగులు, 133 గజాలు, ముప్పై మూడు అంకణాల చిల్లర. ఎవరు ఏ కొలతలో చెప్పినా గజాల్లోకి మార్చి ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. మేం చూసిన వాటిలో రెండు ఇళ్ళు అలా రాసుకున్న రోజే లిస్టులోంచి పోయాయి.

నాకు తగిలిన దెబ్బ

2017లో నేనొక ప్లాటు కొన్నాను. పేరు ఎంత బావుందంటే ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పినప్పుడు ఆమె కళ్ళల్లో వెలుగు నాకిప్పటికీ గుర్తే. ఆర్చి, రెండువైపులా కొబ్బరి మొక్కలు, తారు రోడ్డు, అన్నీ ఉన్నాయి. నా ముందే పాతికమంది టోకెన్లు కట్టారు, ఆ వరసలో నేనూ కట్టేశాను. మూడేళ్ళ తర్వాత కూతురి చదువుకి అమ్ముదామని చూస్తే, లేఅవుట్‌లో ఒక మూల ఉన్న సర్వే నంబరు డీకేటీ పట్టా భూమిదని తేలింది, నా ప్లాటులో సగం ఆ మూలలోనే ఉంది. ప్రభుత్వం పేదలకి ఇచ్చిన ఆ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. నంబరు 22-ఎ జాబితాలోకి, అంటే ఆ నిషేధిత జాబితాలోకే ఎక్కింది, కొనడానికి వచ్చినాయన లేచి వెళ్ళిపోయాడు. అమ్మిన సంస్థ ఫోన్లు ఎత్తడం మానేసింది. కూతురి ఫీజుకి బంగారం తాకట్టు పెట్టాం. ఆ మంచి పేరు గల ఆర్చి ఇప్పటికీ అక్కడే ఉంది, నా సగం ప్లాటు మాత్రం కాగితాల్లో ఇరుక్కుపోయింది.

అందుకే చెబుతున్నాను, తిరుపతి చుట్టుపక్కల డీకేటీ, మఠం భూములు, చెరువు పోరంబోకు, వంక పోరంబోకు, ఈ నాలుగు మాటలు వినబడితే ఎంత మంచి ఏరియా అయినా ఆగిపోండి. హథీరాంజీ మఠం భూముల్లో కట్టిన ఇళ్ళ గొడవలు, కూల్చివేతలు మన ఊరివాళ్ళకి కొత్తవి కావు. అక్కడ కొన్నవాళ్ళలో ఎక్కువమంది "అందరూ కొంటున్నారు కదా" అని కొన్నవాళ్ళే, నాలాగే. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లిస్టు) కనీసం ముప్పై ఏళ్ళకి తీయించండి, పాత రికార్డుల్లో ఆ నంబరుకి ఎదురుగా ఏమని రాసుందో లాయర్‌తో చూపించండి, ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటం) తీసుకుని ప్లాటు ఏ నంబరులో ఎంత పడిందో సర్వేయర్‌తో కొలిపించండి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ అంటే లేఅవుట్ నంబరు అడగండి, నంబరు చెప్పకుండా "అప్రూవ్డే సార్" అంటే లేనట్టే లెక్క. 500 చదరపు మీటర్లు దాటిన కొత్త లేఅవుట్‌కి, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న కొత్త అపార్ట్‌మెంట్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెడదాం

కె.టి. రోడ్డు ఫ్లాట్‌లో పేరుకి కట్టే డబ్బు ఎక్కువ, కానీ అది తిరిగొచ్చే అవకాశం కూడా ఎక్కువే. రుయా, స్విమ్స్, యూనివర్సిటీ అన్నీ అటువైపే ఉండటంతో నర్సులు, స్టూడెంట్లు, పేషెంట్ల బంధువులు, ఎప్పుడూ ఎవరో ఒకరు అద్దెకి అడుగుతూనే ఉంటారు. కొని అద్దెకిచ్చేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని ఇదే చెబుతాను. అయితే పాత ఫ్లాట్ అంటే నేల వాటా చూడాలి. మేం చూసిన దానికి అన్‌డివైడెడ్ షేర్ ముప్పై అయిదు గజాలు, అంటే తొమ్మిది అంకణాలు కూడా పూర్తిగా లేదు. బిల్డింగ్ పాతబడేకొద్దీ గోడల విలువ తగ్గుతుంది, పెరిగేది ఆ తొమ్మిది అంకణాలే. పైగా లిఫ్ట్ లేదు. అక్క రెండంతస్తులు ఎక్కి, సోఫాలో కూర్చుని, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు.

అవిలాల ఇంటిది మరోలా ఉంది. అవిలాల, పేరూరు, తుమ్మలగుంట లాంటి చోట్ల ఊరి పేరు పంచాయతీదే, సౌకర్యాలు మాత్రం చాలావరకు టౌనువే. అక్కడ పేరు తక్కువ కాబట్టి నేల ఎక్కువ వస్తుంది. సొంతానికి ఉండేవాళ్ళకి ఈ జాతి ఏరియాలే లాభమని నా గట్టి నమ్మకం, ఎందుకంటే పల్లె పేరు వల్ల తగ్గిన ధర మీ జేబులో ఉంటుంది, రోజూ నడిచే జీవితంలో దాని వల్ల పోయేదేమీ ఉండదు. చూడాల్సింది నీళ్ళు, రెండు రకాలుగా. కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్ళు టౌనుకి వస్తాయి, మీ వీధికి పైపు వచ్చిందా, రోజు మార్చి రోజా, లేక బోరూ ట్యాంకరేనా? బోరయితే ఎన్ని అడుగులు, మే నెలలో ఎన్ని గంటలు నడుస్తుంది? ఇక వాన నీళ్ళు. మేం ఇంటి ఓనర్‌ని అడగలేదు. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడిగాం. 2021లో పక్క వీధి వరకు మోకాలి లోతు వచ్చిందనీ, ఈ ఇంటికి రెండో మెట్టు దాటలేదనీ చెప్పాడు. ఎదురింటి ఆవిడ కూడా అదే మెట్టు చూపించింది.

"రేపు గ్రేటర్ తిరుపతిలో కలిసిపోతుంది సార్, అప్పుడు రేటు చూడండి" అని పంచాయతీ ఏరియాల్లో ప్రతి బ్రోకరూ అంటాడు. కలిస్తే కలవనీయండి, పన్ను కూడా అప్పుడే మారుతుంది. రాబోయే పేరుకి ఇవాళ ధర కట్టకండి.

ఏర్పేడు వైపు ప్లాటు. బ్రోషర్ మీద ఐఐటీ, ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ), ఎయిర్‌పోర్టు, మూడు పేర్లూ ఉన్నాయి. మూడూ నిజంగా ఉన్నవే, ఐఐటీ, ఐసర్ 2015లో మొదలై ఇప్పుడు ఏర్పేడు మండలంలో సొంత క్యాంపస్‌ల్లో నడుస్తున్నాయి, ఎయిర్‌పోర్టు రేణిగుంటలో ఉంది. కానీ క్యాంపస్ అనేది తన విద్యార్థులకి హాస్టళ్ళు తనే కట్టుకుంటుంది, కూరగాయలు కొనడానికి మీ వీధికి ఎవరూ రారు. రేణిగుంట, ఏర్పేడు వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళకి, తిరుపతి నుంచి రోజూ తిరగలేనివాళ్ళకి ఆ ప్రాంతం బావుంటుంది, వాళ్ళయినా రేణిగుంట ఊరికి ఆనుకుని కొనడం మేలు. అరవై దాటిన దంపతులకి, రాత్రిపూట ఆటో దొరకని చోట, చుట్టూ ఖాళీ ప్లాట్ల మధ్య ఒంటరి ఇల్లు వద్దు. "దగ్గర" అన్న మాట నమ్మకండి, మీరు వారానికి ఎక్కువసార్లు వెళ్ళే చోటికి సోమవారం ఉదయం తొమ్మిదింటికి బండి మీద వెళ్ళి టైం చూసుకోండి. గరుడ వారధి అనీ, శ్రీనివాస సేతు అనీ పిలుచుకున్న ఫ్లైఓవర్ 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచాక తిరుచానూరు రోడ్డు నుంచి కపిలతీర్థం వైపు వెళ్ళేవాళ్ళకి లెక్కే మారిపోయింది. దాని పేరు ఏదైనా ఆదా అయిన నిమిషాలు అవే, అలాంటి దానికి మాత్రం నేను సంతోషంగా ఎక్కువ కడతాను.

తిరుచానూరు మా చివరి లిస్టులో లేదు కానీ చాలామంది అడుగుతారు కాబట్టి ఒక మాట. అమ్మవారి ఊరు, పేరులోనే ఒక నిండుదనం ఉంది, అక్కడ పెరిగే ధర ఊరికే పోదు. గుడికి నడిచే దూరంలో ఉండాలన్నదే మీ కోరికైతే తీసుకోండి, ఆ తృప్తిని గజాల్లో కొలవలేం. కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా పంచమీతీర్థం రోజు, మీ సొంత వీధిలోకి మీ బండి రాకపోవచ్చు. నది వైపు చివరి వరసలు మాత్రం వద్దు.

బ్యాంకు లోన్ తీసుకునేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ఇంటి లోన్ ముప్పై లక్షల వరకైతే విలువలో 90 శాతం దాకా, డెబ్బై అయిదు లక్షల వరకు 80, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధన. కానీ ఆ విలువ బ్యాంకు పంపిన వాల్యుయర్ వేసేది, బ్రోకర్ చెప్పేది కాదు. పేరుకి కట్టిన అదనాన్ని వాల్యుయర్ ఒప్పుకోకపోతే ఆ మొత్తం మీ చేతి డబ్బులోంచే పోతుంది. అడ్వాన్సు ఇవ్వకముందే ఎంత వాల్యుయేషన్ వస్తుందో బ్రాంచిలో అడిగి చూడండి. ఆ ఏరియా పేరుకి నిజంగా ఎంత బలముందో అక్కడ కొంత తెలుస్తుంది.

అక్కావాళ్ళు అవిలాల ఇంటి వైపే మొగ్గారు. కింద అంతస్తు, బాత్రూం పడకగదికి ఆనుకుని ఉంది, పెరట్లో కరివేపాకు చెట్టు కూడా ఉంది, అక్క దాన్ని రెండుసార్లు వెళ్ళి చూసింది. సర్వే నంబరు నిషేధిత జాబితాలో లేదు, ఈసీకి అప్లై చేశాం, చెరువు హద్దు నుంచి ఎంత దూరమో సర్వేయర్ వచ్చి కొలవాలి. ఓనర్ తొందరపెడుతున్నాడు. బావ మాత్రం అక్టోబరులో మొదటి గట్టి వాన పడిన మర్నాడు వెళ్ళి ఆ వీధి చూసొచ్చాకే టోకెన్ ఇస్తానని ఆయనకే మొహం మీద చెప్పాడు.